రోజుకు ఒక్క చోటు: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో ఓరుగల్లు చుట్టూ

మాది హనుమకొండ. సర్కారు బడిలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఏటా సంక్రాంతికి కూతురు హైదరాబాద్ నుంచి, కొడుకు బెంగళూరు నుంచి పిల్లల్ని తీసుకొని వస్తారు. అప్పుడు ఇంట్లో మూడేళ్ల మనుమరాలి నుంచి ఎనభై దాటిన మా అత్తమ్మ దాకా పదిమందిమి ఉంటాం. పిండివంటల హడావిడిలో ఒక రోజు, చుట్టాలతో ఒక రోజు గడుస్తాయి. ఆ తర్వాత పిల్లలు ఫోన్లు పట్టుకొని మూలకు చేరతారు. వాళ్లను బయటికి తీసుకెళ్లే పని నాది. ఇన్నేళ్లలో ఆ పని చేస్తూ నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఒక ఏడాది తుఫాన్ బండి మాట్లాడుకొని వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, రామప్ప, లక్నవరం అన్నీ ఒక్క రోజులో చూద్దామని బయల్దేరాం. రామప్పలో నలభై నిమిషాలు ఉన్నాం. లక్నవరం చేరేసరికి పొద్దు గుంకింది, ఉయ్యాల వంతెన మీదికి ఎవరినీ వదలడం లేదు. తిరుగు దారిలో చిన్నదానికి రెండుసార్లు వాంతులు. మర్నాడు పెద్దవాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని "రామప్పలో ఏం చూశావు బిడ్డా?" అని అడిగితే "కూల్‌డ్రింక్ తాగాం కదా అమ్మమ్మా" అన్నాడు. వాడిది తప్పు కాదు. వాడికి చూసేంత సమయం మేం ఇవ్వలేదు. ఆ మాట గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి. రోజుకు ఒక్క చోటు. అక్కడ పిల్లలకు వెతికే పని ఒకటి ఇవ్వాలి. "ఇది ఫలానా రాజు ఫలానా ఏడాదిలో కట్టించాడు" అని ముందే చెబితే వాళ్లు వినరు. "ఇక్కడ ఏనుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు" అంటే గుడి చుట్టూ పరుగెత్తుతారు. లెక్క ముగించుకొని వచ్చి వాళ్లే అడుగుతారు, ఇన్ని ఏనుగుల్ని ఎవరు చెక్కించారని. రాజు పేరు చెప్పాల్సింది అప్పుడు.

ఎప్పుడు వెళ్లాలి

మా దగ్గర రాతి గుళ్లు చూడడానికి డిసెంబరు, జనవరి నెలలే మంచివి. మార్చి దాటితే మధ్యాహ్నం బండ మీద కాలు పెట్టలేం. అయితే చలికాలంలో పగలు చిన్నది. సాయంత్రం అయిదున్నర దాటితే వెలుతురు తగ్గుతుంది, ఆరింటికి చీకటి. కాబట్టి పొద్దున ఏడున్నరకల్లా గడప దాటాలి. ములుగు అవతల అడవి దారిలో పొద్దున్నే మంచు బాగా పడుతుంది. అందుకని ఆరింటికే బయల్దేరడం నాకు ఇష్టం ఉండదు, ముందు వచ్చే లారీ కూడా కనబడదు.

క్రిస్మస్ సెలవుల్లో వెళ్లగలిగితే సంక్రాంతి కన్నా జనం తక్కువ. డిసెంబరు 31, జనవరి 1 మాత్రం చెరువుల వైపు పోవద్దు. పండుగ మూడు రోజుల్లో బస్సులు కిటకిటలాడతాయి, కనుమ మర్నాడు బయల్దేరితే హాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళకు వస్తుంది. 2024లో ఫిబ్రవరిలో జరిగింది, 2026లో జనవరి నెలాఖరుకే వచ్చింది. జాతర ఉన్న ఏడాది నెల ముందు నుంచే జనం మొక్కులకు వెళ్తుంటారు. ములుగు రోడ్డు మీద ఆదివారాలు బండి కదలదు. రామప్ప, లక్నవరం రెండూ ఆ దారిలోనే ఉన్నాయి. అందుకే ఆ ఏడాది మేం ఆ వైపు ప్రయాణం డిసెంబరులోనే ముగిస్తాం. ములుగుకు ముందు గట్టు మీద గట్టమ్మ తల్లి గుడి ఉంటుంది. మేడారం పోయేవాళ్లు ముందు ఆ తల్లికి మొక్కి ముందుకు పోతారు. మేం ఏ ఊరికి పోతున్నా అక్కడ బండి ఆపుతాం. పిల్లలు కాళ్లు చాపుకుంటారు, అత్తమ్మ దండం పెట్టుకుంటుంది.

రామప్పకు పూర్తి రోజు ఇవ్వండి

మీకు ఒక్క రోజే ఉంటే రామప్పకు వెళ్లండి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

హనుమకొండ నుంచి ములుగు మీదుగా వెళ్లి, జంగాలపల్లి క్రాస్ దగ్గర మెయిన్ రోడ్డు దిగి పాలంపేటకు చేరాలి. మొత్తం అరవై, డెబ్బై కిలోమీటర్లు. గంటన్నర, పిల్లలతో ఆగుతూ పోతే రెండు గంటలు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. అక్కడి శాసనం మీద 1213వ సంవత్సరం ఉంది. దేవుడి పేరు రుద్రేశ్వరుడు, కానీ లోకమంతా పిలిచేది శిల్పి పేరుతో. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. ఆ వార్త టీవీలో వచ్చిన రోజు నేను బడికి పోయినట్టే సంతోషంగా తయారై, మా వీధిలో అందరికీ చక్కెర పంచాను.

రామప్ప పాఠం బయల్దేరే ముందు రోజు రాత్రే, ఇంట్లో మొదలుపెట్టాలి. ఒక గిన్నెలో నీళ్లు పోయండి. పిల్లల చేత నాలుగు బియ్యం గింజలు, నాలుగు మరమరాలు అందులో వేయించండి. బియ్యం మునుగుతుంది, మరమరాలు తేలతాయి. రెండూ ఒక గింజే కదా, తేడా ఎక్కడుందని అడగండి. మరమరం లోపల గాలి నిండిందని కొంచెం సేపటికి వాళ్లే చెబుతారు. రామప్ప గోపురం కట్టిన ఇటుకలు కూడా అలాంటివే. లోపలంతా సన్నని గుల్ల, నీళ్లలో వేస్తే తేలేంత తేలిక. ఎందుకలా చేశారంటే, పైన బరువు తగ్గితే కింద స్తంభాలకు, పునాదికి భారం తగ్గుతుంది. పునాది కింద గొయ్యి తీసి ఇసుక నింపారు. భూమి కదిలినప్పుడు ఆ అదురును ఇసుక కొంత తనలో కలుపుకుంటుంది. మర్నాడు గోపురం కనబడగానే మా చిన్నది "అమ్మమ్మా, మరమరాల గుడి!" అని అరిచింది. ఆ పేరే మా ఇంట్లో స్థిరపడింది.

గుడి దగ్గర చెప్పులు విడవాలి. జనవరి పొద్దున ఆ బండ ఐస్ ముక్కలా ఉంటుంది, మధ్యాహ్నానికి చురుక్కుమంటుంది. అందరికీ ఒక జత పాత సాక్సులు పట్టుకెళ్లండి, ముఖ్యంగా పెద్దవాళ్లకు. లోపల నేల అక్కడక్కడ కుంగి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎండలో నుంచి మంటపంలోకి అడుగు పెట్టగానే కళ్లు కనబడవు, ఒక్క నిమిషం గుమ్మం దగ్గర ఆగి లోపలికి నడవండి. మా అత్తమ్మను నేను ఒక చేత్తో, మా అల్లుడు ఒక చేత్తో పట్టుకొని తీసుకెళ్తాం.

ఇప్పుడు వెతికే పనులు. ఆరేళ్ల లోపు వాళ్లకు ఏనుగులు. గుడి బయటి గోడ అడుగున ఏనుగుల వరుస చుట్టూ తిరిగి వస్తుంది. ఒక ఏనుగులా ఇంకొకటి ఉండదు. తొండం ఎత్తింది ఏది, పక్కదాని వైపు తిరిగింది ఏది అని అడుగుతూ వెనకాల నడవండి. అరగంట తెలియకుండా పోతుంది.

పదేళ్ల వాళ్లకు రంగుల పని ఇవ్వొచ్చు. గోడలు ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలూ మదనికలూ (చూరు కింద నిలబెట్టిన స్త్రీ శిల్పాలు) నల్లరాయి. ఎక్కడ ఏ రాయి వాడారో చూడమనండి. నల్లరాయి చాలా గట్టిది, అందుకే అంత సన్నటి పని నిలిచింది. ఒక స్తంభం మీద సూది మాత్రమే దూరేంత చిన్న రంధ్రాలతో చెక్కడం ఉంటుంది. గైడ్‌ను అడిగితే చూపిస్తాడు. బయట చూరు కింద వంగి నిలబడ్డ మదనికల్లో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి హైహీల్స్! మా కూతురు ప్రతిసారీ ఆమె దగ్గరే ఎక్కువసేపు నిలబడుతుంది. ఇంకొకామె ఒంటి మీద పాములున్నాయి, నాగిని. ఆమెను పిల్లల చేతే వెతికించండి.

గైడ్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, తప్పకుండా పెట్టుకోండి. ముందే డబ్బు మాట్లాడుకోండి. "మాకు తొందర లేదు, పిల్లలు ప్రశ్నలు అడుగుతారు" అని మొదటే చెప్పండి. అలా చెబితే వాళ్లు కూడా ఇష్టంగా చెబుతారు. కొందరు రాతిని తట్టి శబ్దం వినిపిస్తామంటారు, వద్దనండి. రోజుకు వందమంది తడితే ఆ శిల్పం ఎంతకాలం ఉంటుంది? పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచాలి, కళ్లతో చూడాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి. నేను బడి పిల్లల్ని వరుసలో నడిపించినప్పుడు చెప్పిన మాటే ఇప్పుడు మనుమలకూ చెబుతాను.

లోపల నాట్య భంగిమలు చూశాక బయట చెట్ల నీడకు రండి. కాకతీయుల కాలంలో జాయప సేనాని "నృత్తరత్నావళి" అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఆయన గణపతిదేవుని ఏనుగుల సేనకు అధిపతి. ఏనుగుల్ని నడిపే మనిషి నాట్యం గురించి పుస్తకం రాశాడంటే పిల్లలకు భలే ఆశ్చర్యం. గత శతాబ్దంలో నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ ఈ రామప్ప శిల్పాలనూ దగ్గర పెట్టుకొని, మరుగున పడిన పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. ఈ కథ చెప్పి, పిల్లల చేత తాము చూసిన ఒక భంగిమ పట్టించండి. మిగతా వాళ్లు అది ఏ స్తంభం మీదిదో చెప్పాలి. మా పెద్దవాడు మద్దెల వాయించేవాణ్ని పట్టాడు, మూడుసార్లు పడ్డాడు, నాలుగోసారి నిలబడ్డాడు.

నంది దగ్గర కూడా కాసేపు ఆగండి. మెడలో గంటలు, పట్టెడలు, చెవులు రిక్కించి పిలుపు కోసం చూస్తున్నట్టుంటుంది.

అన్నం రామప్ప చెరువు దగ్గర తినండి. గుడికి దగ్గరే. గుడి కట్టిన రోజుల్లోనే చెరువూ కట్టారు. కాకతీయులు గుడి కట్టిన చోట చెరువు కూడా తవ్వించేవాళ్లు. కట్ట మీద నడుస్తూ తూము ఎక్కడుంది, మత్తడి ఎక్కడ దూకుతుందని చూపించండి. పట్నం పిల్లలకు చెరువంటే బోటు మాత్రమే తెలుసు. కింద పచ్చగా ఉన్న పొలాలన్నీ ఈ నీళ్లవేనని కట్ట మీద నిలబెట్టి చూపిస్తే అర్థమవుతుంది. టూరిజం వాళ్ల హోటల్ కూడా అక్కడ ఉంది, ఆడవాళ్లకు బాత్రూం అవసరం తీరుతుంది.

ఇంకా ఓపిక ఉంటే దగ్గర్లోనే గణపురం కోటగుళ్లు ఉన్నాయి. ఒకే ఆవరణలో చిన్నాపెద్దా గుళ్లు బోలెడు, చాలావరకు శిథిలాలు, జనం తక్కువ. పిల్లలు అలసిపోతే వదిలేయండి.

కోట, వేయిస్తంభాల గుడి

ఊళ్లోవే కదా అని ఈ రెండింటినీ ఒకే పూటలో కుక్కవద్దు. కోటకు ఒక మధ్యాహ్నం, గుడికి ఇంకో పొద్దున పెట్టుకోండి.

ఖిలా వరంగల్‌కు మూడు గంటలకు వెళ్తాం. పిల్లలు చూడాల్సిన మొదటి వస్తువు తోరణం కాదు, దారి. మొదట మట్టికోట దాటుతాం, తర్వాత కందకం, ఆ తర్వాత రాతికోట. రాతికోట గుమ్మంలో దారి తిన్నగా ఉండదు, మలుపు తిరుగుతుంది. అక్కడ బండి దిగి నడవండి. "తిన్నగా కట్టొచ్చు కదా, ఎందుకు వంకర తిప్పారు?" అని అడిగి ఊరుకోండి. మా పెద్దవాడు ఆలోచించి "ఏనుగు స్పీడుగా వచ్చి తలుపు గుద్దకుండా" అన్నాడు. బడిలో ఎన్నిసార్లు చెప్పినా రాని సమాధానం ఆ మలుపులో నిలబడితే దానంతట అదే వస్తుంది. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను కూతురు రుద్రమదేవి పూర్తి చేయించింది. 1323లో ఢిల్లీ సుల్తాను సైన్యం చేతిలో కోట పడిపోయింది. ఇంత చెబితే చాలు.

లోపల నాలుగు కీర్తితోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉంటాయి. వాటి నడుమ ఉండిన స్వయంభూ శివాలయం ముక్కలు ముక్కలుగా నేల మీద పరిచి ఉంది. పిల్లలకు తెలంగాణ రాజముద్ర చూపించండి, ప్రభుత్వ కాగితం దేనిమీదైనా ఉంటుంది. అందులోని తోరణం, ఎదురుగా ఉన్న తోరణం పోల్చమనండి. పైన హంసలు ఎక్కడున్నాయో, మొగ్గలు ఎక్కడ వేలాడుతున్నాయో వెతకమనండి. విరిగిన రాళ్ల మీదికి ఎక్కనివ్వకండి. అవి కుర్చీల్లా కనబడతాయి గానీ ప్రతిదీ ఆ గుడిలో ఒక చోట ఉండిన రాయి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు పురావస్తు శాఖ వాళ్ల టికెట్ ఉండదు, పెద్దవాళ్లకు తీసుకుంటే చాలు.

పక్కనే ఖుష్ మహల్. గోడలు లోపలికి వాలినట్టు ఉంటాయి, చల్లగా ఉంటుంది, పాత శిల్పాలు పెట్టారు. ఏకశిల గుట్ట ఎక్కడానికి మెట్లున్నాయి. నాకు మోకాళ్ల నొప్పి, అందుకని పిల్లల్ని వాళ్ల నాన్నతో పంపి కింద కూర్చుంటాను. ఒంటి రాయి కాబట్టి ఓరుగల్లు, ఏకశిలానగరం అనే పేర్లు ఎలా వచ్చాయో ఆ గుట్ట చూపిస్తూ చెప్పొచ్చు. చీకటి పడ్డాక సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. తెలుగులో ఎప్పుడు వేస్తారో ముందే అడిగి తెలుసుకోండి. జనవరిలో ఆరుబయట కూర్చోవాలి కాబట్టి చెద్దరు, మంకీ క్యాపు మర్చిపోవద్దు.

వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. ఏది ఎవరిదో పిల్లలు కనిపెట్టాలి. నల్లగా నిగనిగలాడే నందిని చూసి మా చిన్నది "దీనికి నూనె రాశారా" అని అడిగింది. నాకు ఆ గుడిలో మనసు ఆగేది కల్యాణ మంటపం దగ్గర. పునాది దెబ్బతిందని దాన్ని విప్పేసి, రాళ్లు పక్కన పేర్చి, పదిహేనేళ్లకు పైగా పట్టి మళ్లీ నిలబెట్టారు. 2024 శివరాత్రికి తెరిచారు. అన్నేళ్లూ నేను తీసుకెళ్లిన పిల్లలు మంటపం లేని గుడినే చూశారు. ఇప్పుడు మా మనుమరాలు ఆ స్తంభాల మధ్య దాగుడుమూతలు ఆడుతుంటే నేను ఒక పక్కన నిలబడి చూస్తాను. పొద్దున ఎనిమిది లోపు వెళ్లండి, ఎండ ఏటవాలుగా పడి చెక్కడాలన్నీ లేచి కనబడతాయి.

నీళ్ల రోజు: లక్నవరమా, పాకాలా?

పిల్లలు రెండు రోజులు రాళ్లు చూశారు కాబట్టి మూడో రోజు నీళ్లు. చాలామంది లక్నవరం అంటారు. ములుగు దాటి చల్వాయి దగ్గర లోపలికి తిరగాలి. అడవి, గుట్టల మధ్య చెరువు, చెరువులో దీవులు, వాటి మీదికి ఉయ్యాల వంతెన. చాలా బాగుంటుంది. వంతెన ఊగుతుంది, భయపడే పిల్లల్ని బలవంతం చేయకండి. పడవ ఎక్కేటప్పుడు పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కించండి. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లలకు మెడ మీదికి లేచి వస్తుంది, దానితో ఉపయోగం లేదు. ఇవ్వకపోతే ఒడ్డునే ఆడుకోనివ్వండి.

నా మనసు మాత్రం పాకాల వైపు. నర్సంపేట మీదుగా వెళ్తాం. ఇది కూడా గణపతిదేవుని కాలపు చెరువే, చుట్టూ అభయారణ్యం. అక్కడ పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. కట్ట మీద చాప పరుచుకొని కూర్చుంటే పొద్దున పూట పక్షులు, ఎదురుగా నీళ్లు, వెనక అడవి. మా అత్తమ్మ పెళ్లైన కొత్తలో ఎడ్లబండి మీద ఇక్కడికి వనభోజనానికి వచ్చిందట. ఆ కథ ఆమె చెప్పే తీరుకు పిల్లలు కదలకుండా కూర్చున్నారు. ఇంట్లో చెబితే ఆ కథ అంత సాగదు.

బొగత జలపాతం గురించి కూడా అడుగుతారు. అది వాజేడు దాకా, దూరం. పైగా దాని కాలం వానాకాలం. జనవరిలో ధార సన్నబడుతుంది, పిల్లలు ఫోటోల్లో చూసిన జలపాతం కోసం వెతుక్కుంటారు. వద్దు.

ఆ వైపు దారిలో జనవరి నెలాఖరుకు మిర్చి చేన్లు ఎర్రబడతాయి, కళ్లాల్లో ఎండబోస్తారు. పిల్లలు ఫోటోలు దిగుతామంటారు, దిగనివ్వండి. రైతును ఒక మాట అడిగి దిగండి. కాయ ముట్టుకున్న చెయ్యి కళ్లలో పెట్టుకుంటే ఇక ఆ పూట ఏడుపే. సబ్బు నీళ్లతో చేతులు కడిగించే దాకా పక్కనే ఉండండి.

ఐనవోలు జాతర

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర మొదలవుతుంది. హనుమకొండకు దగ్గరే. ఒగ్గు పూజారులు, పట్నాలు, డప్పులు, బోనాలు, పసుపు బండారి. గుడిలో కాకతీయుల నాటి రాతి తోరణాలున్నాయి. కోటలో చూసిన తోరణం లాంటిదే ఇక్కడా కనబడితే పిల్లలకు పాత చుట్టం కలిసినట్టుంటుంది. అయిదేళ్ల లోపు పిల్లల్ని భోగి, సంక్రాంతి రోజుల్లో తీసుకెళ్లకండి, జనం, చప్పుడు ఎక్కువ. తీసుకెళ్తే ఫోన్ నంబరు చీటీ మీద రాసి జేబులో పెట్టి పిన్నీసు కొట్టండి. రంగురంగుల ముగ్గులతో వేసే పట్నం దగ్గర ఒక పక్కన కూర్చొని ఒగ్గుకథ కాసేపు వినిపించండి.

సద్ది

మా ఊరి పొలిమేర దాటాక మంచి హోటళ్లు తక్కువ. మేం సద్ది కట్టుకొనే పోతాం. పండుగ రోజులు కాబట్టి సకినాల డబ్బా ఉండనే ఉంటుంది. నువ్వులు, వాము పడిన సకినం ఎన్ని రోజులైనా చెడదు, కారులో నూనె మరకలు చేయదు. పులిహోర పొద్దున కలిపితే మధ్యాహ్నానికి ఇంకా రుచి పడుతుంది. పెరుగన్నానికి కాచిన పాలు ఎక్కువ, తోడుకు ఒక చెంచా పెరుగు కలపండి, తినే వేళకు పుల్లబడకుండా కమ్మగా ఉంటుంది. పొద్దున్నే కాల్చిన సర్వపిండి, ఉడకబెట్టిన అనపకాయలు, శనగ గుడాలు చాలు. దారిలో రేగుపళ్లు, కందికాయలు అమ్ముతారు. కొనండి, కడిగి ఇవ్వండి.

అన్నీ మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాల్లో పెట్టి జిప్పు సంచిలో వేసుకోండి. కోతులకు పాలిథిన్ కవరు కనబడితే చాలు. ఒకసారి పిల్ల చేతిలో నుంచి కవరు లాక్కుపోయింది, గోరు గీసుకొని ఇంజక్షన్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

బండి, బస్సు, డబ్బులు

రైల్లో వస్తే హనుమకొండలో ఉండేవాళ్లకు కాజీపేట స్టేషన్ దగ్గర, కోట చూసేవాళ్లకు వరంగల్ స్టేషన్ దగ్గర. పదిమంది ఉంటే రోజుకు బండి మాట్లాడుకోవడమే సులువు. డ్రైవరుకు పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం మనతోపాటే పెట్టండి. తిరుగు దారిలో మన పిల్లలు నిద్రపోయేది అతని చేతుల మీదే.

నలుగురే ఉంటే బస్సు చాలు. హనుమకొండ నుంచి ములుగుకు బస్సులు బాగానే ఉంటాయి, పాలంపేటకు తక్కువ. దిగగానే చివరి బస్సు ఎన్నింటికో అడిగి చేతి మీద రాసుకోండి. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే ఆడవాళ్లకు, ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మా కూతురు, నేను, మనుమరాళ్లు అలాగే రెండుసార్లు రామప్ప వెళ్లివచ్చాం.

అడవి దారిలో ఫోన్ సిగ్నల్ పోతుంటుంది. పడవకూ పార్కింగుకూ చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, ఫోన్‌తో కట్టేస్తామనుకుంటే అక్కడ టెన్షన్ పడతారు. వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, బయల్దేరే ముందు పాలు ఇవ్వకుండా రెండు ఇడ్లీలు పెట్టండి.

హైదరాబాద్ తిరిగి వెళ్లే రోజు

సొంత బండిలో పోతే ఈ రోజును కూడా వాడుకోవచ్చు. జనగామ దాటగానే పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకును కొట్టి బొమ్మలు, ద్వారాలకు తొడుగులు చేసే పనివాళ్ల ఊరు. రేకు వెనక నుంచి సుత్తితో కొడితే ముందు వైపు నెమలి పుట్టుకొస్తుంది. అడిగితే పని చేస్తూ చూపిస్తారు, అరగంట కూర్చొని ఏదైనా చిన్న వస్తువు కొనండి.

ఇంకాస్త ముందుకు పోతే ఆలేరు, అక్కడి నుంచి లోపలికి కొలనుపాక. పేరున్న జైన క్షేత్రం. పచ్చరాతి మహావీరుని విగ్రహం ముందు ఎంత అల్లరి పిల్లలైనా నిశ్శబ్దమైపోతారు. ఊళ్లోనే సోమేశ్వరాలయం, దాని ఆవరణలో పాత శిల్పాల మ్యూజియం ఉన్నాయి. పిల్లలు అలసిపోయి ఉంటే పెంబర్తి, కొలనుపాక రెండింట్లో ఒకటే చూడండి. మా వాళ్లు పోయినసారి పెంబర్తి దగ్గరే ఆగారు. చిన్నది అరచేతంత ఇత్తడి ఏనుగు కొనిపించుకొని, అది రామప్పలో తాను లెక్కపెట్టిన వాటిలో తప్పిపోయిన ఏనుగని ఫోన్ చేసి నాకు చెప్పింది.